కండువా వేరు, కట్టుబాటు వేరు

ఎన్నికలొస్తే చాలు, మా జొన్నాడ, ఆలమూరు చుట్టుపక్కల పేటల్లో అన్నదమ్ములు రెండు జెండాల కింద చేరి మాటలు మానేస్తున్నారు. అవతలి జెండా పట్టినోడల్లా అంబేద్కర్ ద్రోహి, ఇవతలి జెండా పట్టినోడల్లా మనవాడు. ఈ లెక్క తప్పని మేము అంటున్నాం.

పింఛను కోసమో, ఇంటి స్థలం కోసమో, తాతలనాటి అలవాటుతోనో ఒక గుర్తుకి ఓటేయడం పార్టీ భక్తి. పైవాడు పైనే ఉండాలి, కిందివాడు కిందే ఉండాలి అనే పట్టు యథాస్థితివాదం. మొదటిది కండువా, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రెండోది కండువా మార్చినా మారదు.

రుజువు మన కోనసీమే. 2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడింది. మే 18న దానికి అంబేద్కర్ పేరు పెడుతూ ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. పెద్ద పార్టీలేవీ ఆ పేరు వద్దని ప్రకటించలేదు. అయినా మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లూ, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లూ కాల్చారు. ఒకాయన దళితుడు, ఇంకొకాయన మత్స్యకారుడు. ఇద్దరూ అధికార పార్టీవాళ్లే. ఆ తర్వాత పార్టీలు నువ్వంటే నువ్వని తిట్టుకున్నాయి. మరి పేరు వద్దన్నదెవరు? ఏ జెండా అక్కర్లేని పాత కట్టుబాటు. 2023 మార్చిలో అదే అధికార పార్టీ, తన మంత్రి ఇల్లు కాలినా సరే, కేసులు ఎత్తేస్తామంది!

ఇది కొత్త సంగతి కాదు. 1985 జులై 17న కారంచేడు జరిగినప్పుడు తెలుగుదేశం ప్రభుత్వం. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగినప్పుడు కాంగ్రెస్ ప్రభుత్వం. జెండా మారింది, గొడ్డలి మారలేదు. హిందూ కోడ్ బిల్లు కావాలన్న నెహ్రూ కాంగ్రెస్సే, వద్దన్న రాజేంద్రప్రసాద్ కాంగ్రెస్సే. ఆ బిల్లు ముందుకు సాగనందుకే బాబాసాహెబ్ 1951 సెప్టెంబరులో మంత్రి పదవి వదిలేశారు.

అందుకని కార్యకర్తలారా, పింఛను కోసం జెండా మోసే ముసలమ్మని ద్రోహి అనకండి. అది ఆమె బతుకుతెరువు. రేపు పేట కోసం పిలిస్తే ముందొచ్చేది ఆమే. పోతే, యథాస్థితివాదం అగ్రకులాల వీధిలోనే ఉందనీ అనుకోకండి. మాదిగ పిల్లని కోడలిగా ఒప్పుకోని మాల పెద్దలో ఉంది. ఆడపిల్లకి పదో తరగతి చాలన్న మన తండ్రిలో ఉంది. నీలి జెండా పట్టుకున్నంత మాత్రాన అది పోదు.

ఓటడగడానికి వచ్చినవాడి కండువా రంగు చూడొద్దు. మూడు ప్రశ్నలు వేయండి. మా శ్మశానానికి దారి ఇస్తావా? మేం సాగు చేసే లంక భూమికి పట్టా ఇప్పిస్తావా? అట్రాసిటీ కేసు పడితే రాజీకి రమ్మంటావా, సాక్షుల పక్కన నిలబడతావా? జవాబు ఊరందరి ముందూ చెప్పమనండి. అప్పుడు ఏ పార్టీకి ఓటేసినా మేము తప్పుపట్టం. అడక్కుండా వేసిన ఓటు మాత్రం కట్టుబాటుకి కట్టిన కప్పమే.

జై భీమ్!