పక్షులకు చోటిచ్చిన ఊళ్లో వాడకు చోటెంత?

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు, రంగు కొంగలు గూళ్లు కడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే పిల్లల్ని చేస్తాయి. ఏటా ఆ రోజులు రాగానే పత్రికల్లో ఒకే రకం వార్త వస్తుంది: సైబీరియా నుంచి అతిథులొచ్చారు, ఊరివాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటున్నారు, ఒక్కరు కూడా రాయి విసరరు.

ఇందులో నిజం లేకపోలేదు. తలుపు ముందు రెట్ట పడుతున్నా, చేపల కంపు వస్తున్నా చెట్టు కొట్టకుండా ఓర్చుకోవడం చిన్న విషయం కాదు. ఏ అటవీ శాఖా బోర్డు పెట్టకముందే మన జనం చేసిన పని అది. అయినా ఈ వార్తల్లో రెండు పొరపాట్లు ఉన్నాయి. ఒకటి పక్షుల గురించి, రెండోది మనుషుల గురించి.

మొదటిది చూద్దాం. నత్తగుల్ల కొంగ సైబీరియా పక్షి కాదు. గూడబాతూ కాదు. రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. వానలు పడి, చెరువులు నిండి, పొలాల్లో నత్తలూ చేపలూ దొరికే చోటికి అవి తిరుగుతుంటాయి. కాబట్టి వీటిని అతిథులు అనడం సరికాదు, ఇవి ఇక్కడివే. వాటిని బతికించేది గూడున్న చెట్టు ఒక్కటే కాదు. నౌపడ చిత్తడి, తంపర, బీల, ఉప్పు మడులు, వరిమడులు అన్నీ కలిస్తేనే వాటి బతుకు. చెట్టును కాపాడి తంపరను అమ్మేస్తే ఆ పక్షి రెండేళ్లలో ఇంకో దారి చూసుకుంటుంది, లేదా చస్తుంది.

రెండో పొరపాటు 'ఊరివాళ్లు' అన్న మాటలో ఉంది. మన దగ్గర ఊరంటే ఒక్కటి కాదు, ఊరూ వాడా. పట్టా భూమి ఊరి చేతిలో ఉంటుంది. పట్టా లేనివాళ్లకు మిగిలేది నీటి అంచు. తంపరలో చేపలు పట్టేవాళ్లు, బీలలో గడ్డి కోసేవాళ్లు, ఉప్పు మడుల్లో కూలికి పోయేవాళ్లు, నీరు తగ్గాక తేలిన నేలలో నాలుగు గింజలు చల్లుకునేవాళ్లు ఎవరు? దళితులు, మత్స్యకారులు, భూమిలేని బహుజనులు. పక్షి మేసే చోటే పేదవాడు బతికే చోటు. రెవెన్యూ రికార్డులో మాత్రం అది పోరంబోకు, బంజరు. అంటే ఎవరికైనా రాసివ్వగలిగిన నేల.

అలా రాసివ్వబోయినప్పుడు ఏం జరిగిందో ఈ జిల్లా చూసింది. సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. బంజరు కాదు, చిత్తడి నేల అని జనం ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్న మాటే చివరికి నిలబడింది. ఏడాది తిరగకముందే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు జరిగాయి, మళ్లీ ప్రాణాలు పోయాయి. అక్కడ తలపెట్టినది 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు. ఆ తంపర తేలినీలాపురం పక్షులు మేసే నౌపడ చిత్తడిలో భాగమే. ఉత్తరాంధ్రలో పక్షి సంరక్షణ చరిత్ర రాయాలంటే ఈ రెండు తేదీలతోనే మొదలుపెట్టాలని మేము అంటాం. రాయి విసరని ఊరు గురించి రాసినవాళ్లు, లాఠీకి ఎదురు నిలబడిన జనాన్ని పక్షి ప్రేమికుల జాబితాలో ఎందుకు చేర్చరు?

నీటి అంచు మీద ఇంకో తేదీ కూడా ఉంది. 2012 జూన్ 12. వంగర మండలం లక్ష్మీపేట. అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం తీసుకున్న భూమిలో మునగకుండా మిగిలిన నేలను దళితులు సాగు చేసుకున్నారు. ఆధిపత్య కులస్తులు దాడి చేసి ఐదుగురు దళితులను చంపారు. ఇది పక్షుల కథ కాదని ఎవరైనా అనొచ్చు. కానీ రిజర్వాయరు అంచు నేల మీద హక్కెవరిది అన్న ప్రశ్న తేలకుండా, ఆ అంచున ఏ రక్షణ పథకం పెట్టినా అది ఎవరి పక్షాన నిలుస్తుందో లక్ష్మీపేట ముందే చెప్పింది.

ఇక చట్టం సంగతి. 2017 చిత్తడి నేలల నిబంధనలు నదీ పాయలను, వరిపొలాలను, సాగునీటి కోసం కట్టిన జలాశయాలను, ఉప్పు కోసం, ఆక్వా కోసం తవ్విన మడులను చిత్తడి నేల నిర్వచనం నుంచి తప్పించాయి. అంటే శ్రీకాకుళం పట్టణంలో నాగావళి పాయ, మడ్డువలస జలాశయం, నౌపడ ఉప్పు మడులు, తేలుకుంచి వరిమడులు అన్నీ ఆ నిబంధనల బయటే. పక్షికి ఈ గీతలు తెలియవు. అది మడిలో మేసి, పాయలో వాలి, చెట్టెక్కుతుంది.

2021 డిసెంబరు నుంచి తేలినీలాపురంలో గూడబాతులు వరసగా చచ్చిపోయాయి. వందకు పైగా పోయాయి. కడుపులో నులిపురుగులు కారణమని తేలింది, చుట్టుపక్కల చెరువుల చేపల నుంచే అవి వచ్చి ఉంటాయని అనుమానించారు. గూడును కాపలా కాసిన ఊరు, చెరువును కాపలా కాయలేకపోయింది. ఎందుకంటే చెరువు ఊరిది కాదు, పెట్టుబడిది.

రక్షణ పేరుతో ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నదానికి కొల్లేరు పాఠం మన ముందే ఉంది. 1970లలో అక్కడ వడ్డి మత్స్యకారులకూ దళితులకూ సొసైటీలు పెట్టి ప్రభుత్వమే చేపల చెరువులిచ్చింది. తర్వాత అవి లీజుల మీద పెద్దల చేతుల్లోకి పోయాయి. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు, 2006లో గట్లు తెంచారు. లాభం తిన్నవాడు వేరే చోట చెరువు తవ్వుకున్నాడు. సొసైటీ సభ్యుడు చేతులు దులుపుకుని నిలబడ్డాడు. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులో గూళ్లున్న చింతచెట్ల యజమానులకు అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. మంచిదే. కానీ చెట్టు లేనివాడికి, చేపలవేట ఆపుకున్నవాడికి ఆ లెక్కలో చోటు లేదు.

1927లో మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టింది కూడా ఈ ప్రశ్న కోసమే. పశువూ పక్షీ తాగే నీళ్లను అంటరానివాడు ముట్టకూడదన్నారు. కొంగకు చోటిచ్చిన ఊరిని మెచ్చుకునే ముందు, అదే చెరువులో వాడ మనిషి వల వేయగలుగుతున్నాడా, పక్షుల కమిటీలో అతని పేరుందా అని అడగడం దళిత ఉద్యమం నేర్పిన అలవాటు.

అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. వన్యప్రాణి చట్టం 2002 సవరణ ప్రకారం ఊరి భూమిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. కానీ దాని కమిటీకి పంచాయతీ పంపే ప్రతినిధుల్లో దళితులు ఉండి తీరాలని ఆ చట్టం చెప్పలేదు. 2004 జీవవైవిధ్య నిబంధనలు మాత్రం స్థానిక కమిటీల్లో మూడో వంతు మహిళలు, 18 శాతం ఎస్సీ, ఎస్టీలు ఉండాలన్నాయి. పక్షుల పేరుతో ఏర్పడే ప్రతి కమిటీకీ ఈ నియమం కనీసంగా వర్తించాలి. తంపర, బీల, ఉప్పు మడులను బంజరు పద్దు నుంచి తీసి ఉమ్మడి వనరుగా రాయాలి. అక్కడ చేపలు పట్టేవాళ్ల, గడ్డి కోసేవాళ్ల, అంచు నేల సాగుచేసేవాళ్ల వాడుక హక్కులను ముందు నమోదు చేసి, ఆ తర్వాతే హద్దులు గీయాలి. పరిహారం ఇస్తే చెట్టున్నవాడికే కాక, ఉపాధి వదులుకున్నవాడికీ ఇవ్వాలి. నాగావళి ఒడ్డున సుందరీకరణ అన్న మాట వినబడితే, ఆ ఒడ్డున ఇప్పుడు బతుకుతున్నదెవరో లెక్క ముందు బయట పెట్టాలి.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. తేలినీలాపురం వెళ్లినప్పుడు బైనాక్యులర్‌తో చెట్టు పైకి చూడండి, తప్పకుండా చూడండి. తర్వాత కిందికి దించి, తంపర గట్టు మీద ఎవరున్నారో చూడండి. పక్షుల లెక్క రాసే పుస్తకంలోనే వాళ్ల లెక్కా రాయండి.