‘ఇండ్ల పాలున్నయా?’

మా మనవడికి ఏడేండ్లు. ఎవరు ఏం పెట్టినా చేయి చాచే ముందు నా ముఖం చూస్తాడు. “బాపమ్మా, ఇండ్ల పాలున్నయా?” అని అడుగుతాడు. పెండ్లిలో అడుగుతాడు, గుడిలో ప్రసాదం దగ్గర అడుగుతాడు, బడిలో పుట్టినరోజు పిల్లాడు చాక్లెట్ పంచుతుంటే టీచరమ్మను అడుగుతాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పగలిగినవాళ్లు ఈ ఊళ్లో ఎంత తక్కువమందో నాకు రెండేండ్లుగా తెలుస్తూ వస్తోంది.

వాడికి పాలు పడవు. పడవంటే కడుపుబ్బరం అనుకుంటారు చాలామంది. పాలలోని చక్కెర అరగక కడుపులో నొప్పి రావడం ఒక సంగతి. పాలలోని మాంసకృత్తులను చూసి ఒంట్లోని రక్షణ వ్యవస్థే తిరగబడటం ఇంకో సంగతి. మావాడిది రెండోది. చెంచాడు పెరుగు చాలు, పెదవులు వాచి ఒంటినిండా దద్దుర్లు లేస్తాయి. చాలామంది పిల్లల్లో వయసుతోపాటు ఇది తగ్గిపోతుందని డాక్టరు ధైర్యం చెప్పారు. తగ్గేదాకా మాత్రం పాలు, పెరుగు, వెన్న, కోవా ఏదీ వద్దన్నారు. నెయ్యి కాచి వడగట్టినా అందులో పాల మాంసకృత్తుల జాడ మిగిలి ఉండొచ్చని దాన్నీ ఆపించారు. ఇది చుట్టాలకు చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో చెప్పలేను. “నెయ్యి పాలెట్లయితది వదినా? జరంతనే గదా, ఏం గాదు, తినిపియ్యి” అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ ‘జరంత’ ఏం చేస్తుందో కండ్లారా చూసినదాన్ని.

రెండేండ్ల కింద ఒక బేకరీలో గాజు అద్దం వెనక జామ్ బిస్కెట్లు కనిపించాయి. గుండ్రటి బిస్కెట్, నడుమ ఎర్రటి జామ్ చుక్క. పక్కన ‘ఎగ్‌లెస్’ అని చీటీ. వాడు వదలలేదు. కౌంటరులోని పిల్లవాణ్ని అడిగాను. “ప్యూర్ వెజ్ మేడమ్” అన్నాడు. సగం బిస్కెట్ తిన్నాడో లేదో పెదవి వాయడం మొదలైంది. ఆటోలో ఆసుపత్రికి పోయేంతసేపూ వాడు నా కొంగు పట్టుకుని “నేను అడిగిన కదా బాపమ్మా” అంటూనే ఉన్నాడు.

ఆ కౌంటరు పిల్లవాణ్ని నేను తప్పుబట్టను. వాడు తెలిసిన నిజమే చెప్పాడు. మన మాటల్లో శాకాహారం అంటే పాలు, నెయ్యి కలిసిన భోజనమే. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందంటే మాంసం, గుడ్డు లేవని అర్థం. పాలు ఉన్నాయా లేవా అన్నది ఆ చుక్క చెప్పదు. పూర్తిగా మొక్కల నుంచే వచ్చిన తిండికి వీగన్ అనే పేరుతో 2022లో ప్రత్యేక నిబంధనలు, ప్రత్యేక గుర్తు వచ్చాయి. ఆ గుర్తున్న బిస్కెట్ మా వీధి కిరాణాలో నాకు ఇంతవరకు దొరకలేదు.

అందుకే ఇంట్లో చేయడం మొదలుపెట్టాను.

మాది జగిత్యాల. నా చిన్నప్పుడు సెలవులొస్తే అమ్మ పిండి, చక్కెర, డాల్డా కొలిచి సంచిలో పెట్టి మమ్మల్ని బేకరీకి పంపేది. భట్టీ అతను మా పిండితోనే, మా ముందే బిస్కెట్లు చేసి కాల్చి ఇచ్చేవాడు. నూనె డబ్బా నిండా తెచ్చుకునేవాళ్లం. ఉత్తర తెలంగాణలో నా ఈడువాళ్లకు ఆ వేడి డబ్బా వాసన గుర్తుండే ఉంటుంది. డాల్డా మంచిదని ఇప్పుడు అనను. అప్పటి వనస్పతిలో గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వు దండిగా ఉండేది. 2022 నుంచి నూనెలు, వనస్పతుల్లో అది రెండు శాతం మించకూడదని మన దేశంలో నియమం పెట్టారు. కానీ ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పగలను. ఆ డబ్బాలో ఏముందో మాకు తెలుసు. సంచి మోసుకుపోయింది మేమే.

ఇప్పుడు మా అబ్బాయి ఉద్యోగం ఆదిలాబాద్‌లో. రిటైరయ్యాక నేనూ ఇక్కడికే వచ్చాను. వచ్చిన మొదటి చలికాలం కొబ్బరినూనె సీసా గడ్డకట్టి, పొద్దున తల దువ్వుకోవడానికి దాన్ని ఎండలో పెట్టాల్సి వచ్చింది. మన దగ్గర కొబ్బరినూనె అంటే తలకు రాసుకునేదే. వంటలో వేస్తారంటే ముఖం చిట్లిస్తారు. నేనూ చిట్లించాను. కానీ బిస్కెట్‌లో వెన్న చేసే పని ఏమిటని ఆలోచిస్తే, చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి పిండి రేణువుల మధ్య పొరలా నిలవడం, వేడి తగలగానే కరిగి బిస్కెట్‌ను గుల్లగా చేయడం. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకంటే చల్లగా ఉంటే వెన్నముద్దలాగే ఉంటుంది. ఆదిలాబాద్ చలి నాకు ఆ పాఠం చెప్పింది. తినే కొబ్బరినూనె వేరుగా కొనుక్కొచ్చి పిండిలో కలిపాను. ఎండాకాలంలో మాత్రం అది గట్టిపడదు. అప్పుడు పల్లినూనెతోనే చేస్తాను. బిస్కెట్ కొంచెం చేవగా వస్తుంది, రుచికి లోటుండదు.

పిండిలో మైదా లేదు. నూటయాభై గ్రాముల గోధుమపిండి, వంద గ్రాముల జొన్నపిండి. ఆదిలాబాద్‌లో జొన్న కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, ఇక్కడ రొట్టె అంటే జొన్నరొట్టే. అయితే జొన్నకు సాగే గుణం లేదు. వట్టి జొన్నపిండితో చేసిన నా మొదటి వాయి చేతిలో పట్టుకుంటే పొడిపొడి అయింది. గోధుమ కలిపాక, రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి చేర్చాక నిలబడింది. తొంభై గ్రాముల కొబ్బరినూనె, ఎనభై గ్రాముల బెల్లం తురుము, అర చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు. ముద్ద కట్టడానికి రెండు మూడు చెంచాల నీళ్లు. చపాతీ పిండిలా పిసకకూడదు. పిసికితే బిస్కెట్ గట్టిపడి పండ్లకు పని చెబుతుంది. దగ్గరికి తీసుకుని ఉండలు చేస్తే చాలు. ఉండ నడుమ గుంట పెట్టేది మనవడి బొటనవేలు. ఆ పని ఇంకెవరు చేసినా వాడు ఒప్పుకోడు.

గుంటలో రేగుపండ్ల జామ్.

పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయేటప్పుడు గుడిహత్నూర్ దాటాక రోడ్డు పక్కన రేగుపండ్లు కుప్పలు పోసి అమ్ముతుంటారు. నాటు రేగు, గోలీకాయంత ఉంటుంది, తీపి కంటే పులుపే ముందు తగులుతుంది. అలాంటిదే జామ్‌కు మేలు. పులుపున్న పండే బాగా గడ్డకడుతుంది. కిలో పండ్లు కడిగి, మునిగేదాకా నీళ్లు పోసి మెత్తగా ఉడికిస్తాను. జల్లెడ మీద వేసి గరిటెతో రుద్దితే గింజలు, తోలు పైన మిగిలి గుజ్జు కిందికి దిగుతుంది. ఇందులో ఓపిక కావాలి, ఇది మా అబ్బాయి పని. గుజ్జుకు ముప్పావు వంతు బెల్లం, ఒక నిమ్మకాయ రసం. సన్నని సెగ మీద కలుపుతూనే ఉండాలి. చల్లటి పళ్లెంలో చుక్క వేసి పళ్లెం వంచితే అది జారకూడదు. పలుచగా దించితే కాలేటప్పుడు పొంగి బిస్కెట్ మీదంతా పారుతుంది.

చిన్న ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర పావుగంట. ఓవెన్ కొనకముందు కుక్కర్‌లోనే చేశాను. గ్యాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పరచి, పైన గిన్నె స్టాండు పెట్టి, సన్నని మంట మీద ఇరవై అయిదు నిమిషాలు. అంచులు కొద్దిగా ఎర్రబడగానే దించాలి. మెత్తగా ఉన్నాయని కంగారు పడొద్దు, చల్లారితే గట్టిపడతాయి.

ఇదంతా చదివి “తీరిక ఎవరికుంది?” అని అడిగేవాళ్లున్నారు. మా కోడలూ అడిగింది. ఆమె అడగడంలో న్యాయముంది. పిల్లవాడి తిండి సంగతి ఎప్పుడూ తల్లి మెడకే చుట్టుకుంటుంది. మా ఇంట్లో ఆదివారం బిస్కెట్ పని ముగ్గురిది, అందులో కోడలు లేదు. ఆమె ఆ పూట పడుకుంటుంది.

ఇంకొందరు “ఇవన్నీ విదేశీ వేషాలు” అంటారు. గింజల పిండితో జామ్ పెట్టి చేసే ఈ రకానికి పేరు పడిన ఊరు ఆస్ట్రియాలోని లింజ్, నిజమే. ఆస్ట్రియా అనగానే ఆదిలాబాద్ జిల్లావాళ్లకు గుర్తొచ్చేది హైమన్‌డార్ఫ్. వియన్నాలో పుట్టి, 1940లలో మార్లవాయిలో గోండుల మధ్య ఉండి, వాళ్ల బిడ్డలకు గోండీలో చదువు చెప్పించిన మనిషి. ఆయన భార్య బెట్టీ సమాధి ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది. ఎక్కడి మనిషి ఎక్కడివాడైపోయాడు! బిస్కెట్ కూడా అంతే. అసలు మన గరిజె ఏమిటి? పిండి పొరలో తీపి పెట్టి మూయడమే కదా. అది నూనెలో వేగుతుంది, ఇది సెగలో కాలుతుంది. ఇంకా లెక్కపెట్టండి. సంక్రాంతి సకినాల్లో బియ్యప్పిండి, నువ్వులు, వాము. సర్వపిండిలో పల్లీలు, శనగపప్పు. నువ్వుల ముద్దలు, పల్లిపట్టీలు, నెయ్యి లేకుండా కలిపిన సద్దుల బతుకమ్మ మలీద. వీటిలో దేన్నీ మా మనవడు అనుమానంగా చూడనక్కర్లేదు. మా జగిత్యాల, కరీంనగర్ వైపు పండుగ వంటల్లో సగం వాడి కోసమే పుట్టినట్టుంటాయి. నూనె గురించి చిన్నచూపూ మనకు తగదు. నార్నూర్ ఖామ్‌దేవ్ జాతరలో తొడసం వంశపు ఆడపడుచు నువ్వుల నూనె తాగి మొక్కు తీరుస్తుంది. ఆ నూనెకు ఈ నేల ఇచ్చిన గౌరవం అది.

రేగు అయిపోయాక ఇప్పపువ్వు వస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున చెట్టు కింద రాలిన పూలను ఎండెక్కకముందే ఏరుకొస్తారు. ఎండిన పువ్వును మూడు నాలుగు నీళ్లలో కడిగి, లోపలి కేసరాలు తీసి ఉడికిస్తే కిస్‌మిస్ గుజ్జులా అవుతుంది. దానికి బెల్లం పెద్దగా అక్కర్లేదు. ఉట్నూర్‌లో భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేస్తోంది. 2025 మార్చి 30 నాటి ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఆదిలాబాద్ ఆడవాళ్ల ఇప్పపువ్వు వంటకాలను ప్రస్తావించారు. అదే ప్రసంగంలో మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లాలో ఇప్పపువ్వు కుకీలు చేస్తున్న మహిళల గురించీ చెప్పారు. అక్కడ కుకీ అయిన పువ్వు ఇక్కడా కాగలదు. మహిళా సంఘాలకు నాలుగు ఓవెన్లు ఇప్పించడం గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు మోయలేని ఖర్చు కాదు. పాలు లేని జొన్న బిస్కెట్ పాడవకుండా రెండు వారాలు ఉంటుందని మా డబ్బా చూసి చెబుతున్నాను.

అయినా అందరూ ఇంట్లో చేసుకోలేరు. పిల్లవాడు ఎప్పటికీ మా డబ్బాలోంచే తినలేడు. అందుకే నా అసలు కోరిక రాయాలి.

ప్యాకెట్ మీద పాలు, గుడ్డు, పల్లీలు, సోయా వంటివి ఉంటే చెప్పి తీరాలని 2020 నాటి లేబులింగ్ నిబంధనలున్నాయి. కంపెనీలు రాస్తున్నాయి కూడా. ఇంగ్లిషులోనో దేవనాగరి లిపి హిందీలోనో రాస్తే చాలు, తెలుగు తప్పనిసరి కాదు. టీవీలో తన బిస్కెట్ ఎంత కమ్మగా ఉంటుందో తెలుగులో పాడి చెప్పగలిగిన కంపెనీకి ‘ఇందులో పాలు ఉన్నాయి’ అనే మూడు మాటలు తెలుగులో అచ్చువేయడం చేతకాదా? నేను ఇంగ్లిషు చదవగలను. మా పక్కింటి ముసలమ్మ చదవలేదు. ఆమె మనవరాలికి పల్లీలు పడవు. అంగన్‌వాడీ ఆయాలు, బడి వంటమనుషులు ఎంతమంది ఆ చీమతలకాయంత ఇంగ్లిషు అక్షరాలు చదివి పిల్లలకు పెట్టగలరు?

బేకరీల సంగతి ఇంకా తేలిక. 2020 అక్టోబరు 1 నుంచి మిఠాయి దుకాణాల్లో విడిగా అమ్మే వాటికి ఎప్పటిలోగా తినాలో తేదీ రాసి పెట్టాలని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. అప్పుడూ కుదరదన్నారు, తర్వాత అట్టముక్కలు వెలిశాయి. అదే అట్టముక్క మీద ఇంకో వరుస చేర్చమంటున్నాను. పాలు, గుడ్డు, నెయ్యి, ఏ నూనె. తెలుగులో, ఉర్దూలో, మా జిల్లాలో మరాఠీలో కూడా. మున్సిపాలిటీ లైసెన్సు ఇచ్చేటప్పుడే ఈ మాట చెప్పొచ్చు. అద్దం వెనక నిలబడ్డ కుర్రాడికి కూడా అది రక్ష. తెలియని సంగతికి “ప్యూర్ వెజ్” అని పూచీ పడాల్సిన అవసరం వాడికుండదు.

మొన్న వాడి పుట్టినరోజు. తరగతిలో ముప్పైరెండు మంది. శనివారం రాత్రి దాకా మూడు వాయిలు కాల్చాం. వాడు ఇంతవరకు బడిలో ఎవరి పుట్టినరోజుకూ పంచినది పంచినట్టు తినలేదు. ఈసారి తానే పంచి, తానూ తింటాడు. డబ్బా మూత మీద అంటించడానికి కాపీ పుస్తకంలోంచి కాగితం చింపి, పెన్సిలుతో పెద్దపెద్ద అక్షరాలు రాశాడు. గోధుమపిండి. జొన్నపిండి. కొబ్బరినూనె. బెల్లం. రేగుపండ్లు. నిమ్మకాయ. అంతా రాసి అంటించబోతూ ఆగాడు. “బాపమ్మా, నువ్వులు పడనోళ్లు ఉంటరా?” అని అడిగాడు. ఉంటారన్నాను. కాగితం మళ్లీ బల్ల మీద పెట్టి, కింద గీత గీసి, ‘నువ్వులు ఉన్నాయి’ అని రాశాడు.