పళ్లు కరుగుతున్నాయి, పట్టించుకునేవారేరీ?

బడి వదిలిన పిల్లవాడు ఎదురుగా ఉన్న అంగట్లో పది రూపాయల కూల్‌డ్రింకు సీసా కొంటాడు. ఇంటిదాకా గుక్కెడు గుక్కెడే తాగుతాడు. ఒక్కో గుక్కనూ కాసేపు బుగ్గన పెట్టుకుని, గ్యాసు చురుక్కుమంటుంటే మింగుతాడు. కుందుర్పిలోనే కాదు, అనంతపురం జిల్లా కరవు సీమలో ఏ మండల కేంద్రానికి వెళ్లినా సాయంత్రం పూట కనిపించే దృశ్యమే ఇది. ఇల్లు చేరే ఆ అరగంటా వాడి పళ్లు ఆమ్లంలో నానుతున్నాయని చెప్పేవారు లేరు.

పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. నోట్లో అది సుమారు 5.5 కన్నా తగ్గితే పంటి పైపొర అయిన ఎనామిల్ కరగడం మొదలవుతుంది. కోలాల పీహెచ్ 2.5 దరిదాపుల్లో, ఎనర్జీ డ్రింకులది 3 చుట్టుపక్కల ఉంటుంది. వాటిలో వేసే ఫాస్ఫారిక్ ఆమ్లం, నిమ్మ ఉప్పు పంటిలోని కాల్షియాన్ని లాగేస్తాయి. చక్కెర లేదని అమ్మే డైట్ రకాలూ ఇందుకు మినహాయింపు కాదు. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే విటమిన్ మాత్రలు, చప్పరించే సి విటమిన్ బిళ్లలు అతిగా వాడినా అంతే. పిప్పిపన్నుకు సూక్ష్మజీవులు కావాలి, ఈ అరుగుదలకు అవీ అక్కర్లేదు. ఆమ్లాన్ని విరిచేది లాలాజలమే. ఎండలో పనిచేసి నోరెండిపోయిన కూలీకి అదే కరవు. సత్తువ వస్తుందని ఆయన తాగే ఇరవై రూపాయల సీసా ఆ పూట మరింత చేటు చేస్తుంది. పోయిన ఎనామిల్ మళ్లీ రాదు.

ఈ మెట్ట నేల మీద పళ్లకు దెబ్బ అంతకు ముందే తగిలింది. గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కలుస్తుంది. వానలు మొహం చాటేసి బోర్లు లోతుకు పోయినకొద్దీ రాతి పొరల్లో నిలిచిన నీరే గతి అవుతోంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఎనిమిదేళ్లలోపు, ఎనామిల్ తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్ల మీద తెల్ల మచ్చలు, గోధుమ చారలు వస్తాయి. ముదిరితే గుంటలు పడి పెచ్చులూడతాయి. సత్యసాయి ట్రస్టు 1990లలోనే జిల్లాలో 700కు పైగా గ్రామాలకు తాగునీటి పథకం కట్టి ఇచ్చింది. ఒక ట్రస్టు చూపిన దారిలో మూడు దశాబ్దాలుగా మిగిలిన పల్లెలన్నిటికీ నదీజలాలు చేర్చలేకపోవడం ప్రభుత్వాల వైఫల్యమే. జీడిపల్లి జలాశయం నుంచి కుందుర్పి వైపు కాలువ మాట ఎన్నికలకొకసారి వినబడుతూనే ఉంది.

నీళ్లివ్వడం పెద్ద పని, ఏళ్లు పడుతుందనుకుందాం. సీసాల సంగతేమిటి? చక్కెర, కొవ్వు, ఉప్పు ఎక్కువున్న సరుకులను బడిలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని భారత ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. ఆ 50 మీటర్లు కొలిచిన అధికారి ఎవరు? ఎనర్జీ డ్రింకు సీసా మీద పిల్లలకు, గర్భిణులకు తగదని రాయాలన్నది కూడా నియమమే. అది కెఫీన్ గురించి. ఆమ్లం గురించి ఒక్క ముక్క రాయాల్సిన పనే లేదు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడితే గానీ, తీపి పానీయాల డబ్బాల మీద ఓఆర్ఎస్ పేరు తీసేయాలన్న ఉత్తర్వు 2025 అక్టోబరులో రాలేదు. విరేచనాలైన బిడ్డకు మందనుకుని తల్లులు కొన్నవి అవే. ఒక వైద్యురాలు ఏళ్లకేళ్లు పోరాడితే తప్ప కదలని వ్యవస్థ, కుందుర్పి పిల్లవాడి పళ్లకోసం తనంతట తాను కదులుతుందా?

కూల్‌డ్రింకుల్లాంటి గ్యాసు పానీయాల మీద 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 40 శాతం. ఆ రాబడిలో కొంతైనా పల్లె పిల్లల పళ్లకు ఖర్చు పెట్టాలి. మండలానికొక పంటి డాక్టరును ఇవ్వాలి. సీసా మీద పీహెచ్ అంకె అచ్చు వేయించాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. మజ్జిగ కూడా పులుపే, కానీ అందులోని కాల్షియం పంటిని కాపాడుతుంది. రాగి అంబలి, మజ్జిగ మన ఇళ్లలో ఉన్నవే. పిల్లలు కూల్‌డ్రింకు తాగితే వెంటనే నీళ్లతో పుక్కిలించమనండి, కనీసం అరగంట బ్రష్ పట్టనివ్వకండి.

వేసవి సెలవులయ్యాక జూన్‌లో బడులు తెరుచుకునేలోగా జిల్లా యంత్రాంగం ప్రతి బడి గేటు ముందూ టేపు పట్టి 50 మీటర్లు కొలవాలి. ఆ గీత లోపల ఒక్క కూల్‌డ్రింకు సీసా కూడా అమ్ముడుపోకూడదు.