లైసెన్సు కాగితం జూదాన్ని కడగదు

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు వెళ్తే మన తెలుగు మాట వినపడుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి సాంచెల పనికి వచ్చి అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. పగారు అందిన రాత్రి ఆ గల్లీల్లో రెండు రకాల ఇళ్లుంటాయి. ఒక ఇంట్లో కిరాణా బాకీ తీరుతుంది. ఇంకో ఇంట్లో మట్కా బాకీ తీరుతుంది, కిరాణా బాకీ పెరుగుతుంది. ఈ రెండో ఇంటి గురించే నా బాధ.

"జూదాన్ని ఎవరూ ఆపలేరు, లైసెన్సు ఇచ్చి పన్ను వసూలు చేసుకోవడమే మేలు" అని చదువుకున్నవాళ్లు వాదిస్తున్నారు. 2018లో లా కమిషన్ తన 276వ నివేదికలో నిషేధం సాధ్యం కానప్పుడు నియంత్రణే దారి అని చెప్పింది. ఆ నివేదికే జూదాన్ని రెండుగా విడదీసింది. ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు పెద్ద పందెం, తక్కువ ఆదాయం వాళ్లకు చిన్న పందెం. మనుషులకు కట్టిన నిచ్చెనమెట్లు చాలవన్నట్టు పేకముక్కలకూ మెట్లు కట్టారు!

ఇప్పుడున్న చట్టం ఎలా పనిచేస్తుందో చూడండి. గుజరాత్‌లో నేటికీ నడుస్తున్నది 1887 నాటి బొంబాయి జూద నిరోధక చట్టమే. జూదగృహం నడిపితే నాలుగో సెక్షన్, అందులో ఆడుతూ దొరికితే ఐదో సెక్షన్, వీధిలో ఆడితే పన్నెండో సెక్షన్. వీధిలో ఆడేవాణ్ణి పట్టుకోవడానికి పోలీసుకు వారంటు కూడా అక్కర్లేదు. వీధిలో ఆడేది ఎవరు? నలుగురు కూర్చునే చోటు ఇంట్లో లేనివాడు. మరి గుర్రప్పందెం? 1912 నాటి చట్టం కింద లైసెన్సు పొందిన రేసుకోర్సులో, కేటాయించిన ఆవరణలో కాస్తే అది జూదం కిందికే రాకుండా బొంబాయి పాలకులు నిర్వచనం రాసుకున్నారు. పక్కన గోవాకు పోతే 1976 చట్టం ప్రకారం ఐదు నక్షత్రాల హోటల్లోనూ, మాండవి నది మీద ఓడలోనూ క్యాసినో నడుపుకోవచ్చు. పందెం ఒకటే. గోడలు మారాయి, జేబులు మారాయి, అంతే.

ఇక నైపుణ్యం అనే మంత్రం ఉంది. 1967లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం గల ఆట అంది. 2017లో గుజరాత్ హైకోర్టు పోకర్‌ను ఆ కోవలో చేర్చడానికి ఒప్పుకోలేదు. ఈ సందులోంచే రమ్మీ యాప్‌లు కూలివాడి ఫోన్‌లోకి దూరాయి. 2023 అక్టోబరు నుంచి ఆటగాడు జమచేసే మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వేసి ప్రభుత్వమూ ఆ బల్ల దగ్గర కూర్చుంది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడలేదు. ఆడినవాణ్ణి వదిలి నడిపినవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అంది. ఇది సరైన దిశ. కానీ ఫోన్‌లో నేరమైన పందెం రేసుకోర్సులోనూ, ఓడలోనూ మర్యాద ఎలా అయింది? దీనికి జవాబు లేదు.

తథాగతుడు రాజగృహంలో సిగాలుడనే గృహస్థు కొడుకుకు జూదం గురించి చెప్పేటప్పుడు లైసెన్సు ఉందా అని అడగలేదు, నైపుణ్యమెంత అని తూచలేదు. ఫలితం చూశాడు. గెలిస్తే పగ పుడుతుంది, ఓడితే పోయినదాని కోసం ఏడుపు మిగులుతుంది, ఉన్న సంపద కరిగిపోతుంది, సభలో మాట చెల్లదు, మిత్రులు చులకన చేస్తారు, పెళ్లి సంబంధం కలుపుకోరు. ఈ ఆరూ నదిలో ఓడ మీద ఆడినా తప్పవు. మరి బ్రాహ్మణీయ సంప్రదాయం ఏం చేసింది? ఆలిని పందెంలో ఒడ్డినవాణ్ణి ధర్మరాజు అని పిలిచింది. శ్రావణంలో సాతం ఆఠం పేరిట, దీపావళి పేరిట పేకాటను పండగలో కలిపింది. అంటే లైసెన్సులు ఇవ్వడం ప్రభుత్వాలతో మొదలవలేదు.

ఇక మన వైపు చూసుకుందాం. "బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞల్లో జూదం పేరు లేదు కదా" అని ఒక తమ్ముడు నాతో వాదించాడు. నిజమే, పేరు లేదు. కానీ అష్టాంగ మార్గాన్ని అనుసరిస్తానన్న ప్రతిజ్ఞ ఉంది, అందులో సమ్యక్ ఆజీవం ఉంది. పక్కవాడి పగారు మీద బతకడం ఏ లెక్కన సమ్యక్ ఆజీవం? ఏప్రిల్ 14న జయంతి చందా పుస్తకంలో మొదటి పేరు మట్కా రాయించుకునేవాడిదైతే, ఆ డబ్బుతో కట్టిన నీలి జెండా ఎవరి కన్నీళ్లతో తడిసిందో అడిగే ధైర్యం మనకుండాలి. దానం పుణ్యమే, కానీ దోచింది తెచ్చి ఇస్తే అది దానం కాదు.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టం. వీధిలో దొరికిన కూలివాణ్ణి నేరస్థుడిగా చూడటం మానాలి. చీటీ రాసే కుర్రాణ్ణి పట్టుకుని పైనున్న యజమానిని వదలడం ఆపాలి. క్లబ్బుకూ, రేసుకోర్సుకూ, ఓడకూ ఇచ్చిన మినహాయింపులు ఎత్తేయాలి. జూదం అప్పుల్లో మునిగిన కుటుంబానికి వడ్డీ వ్యాపారి తప్ప దిక్కు లేని స్థితి పోవాలి.

ఇవి వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. పగారు వచ్చిన వారం ఆదివారం విహారంలో త్రిశరణ పంచశీలాల తర్వాత సిగాల సూత్రం చదువుదాం. బస్తీలో అక్కచెల్లెళ్లు పొదుపు లెక్క రాస్తే, పగారు మొదట ఆ పుస్తకంలో పడాలని ఒప్పుకుందాం. చందా పుస్తకంలోంచి ఆ మొదటి పేరు కొట్టేద్దాం. ఈ పనికి ఏ సర్కారు అనుమతీ అక్కర్లేదు.

జై భీమ్. నమో బుద్ధాయ.