పెంపకం తల్లి ఒక్కదాని పనేనా?

పిల్లవాడు వృద్ధిలోకి వస్తే వంశం పేరు నిలబెట్టాడంటారు. చెడిపోతే తల్లి పెంపకం అంటారు. పసిపిల్లల బుద్ధి వికాసం గురించి, మంచి నడవడి గురించి ఎక్కడ మీటింగు పెట్టినా ఉపదేశాలన్నీ తల్లులకే. పిల్లలతో మాట్లాడండి, ఆడించండి, కథలు చెప్పండి, మంచి నేర్పండి అని. ఈ సలహాల్లో తప్పేమీ లేదు. కానీ వాటిని పాటించడానికి కావలసిన తీరికా, తోడూ ఆ తల్లికి ఉన్నాయా అని ఎవరూ అడగరు. పసిపిల్లల ఎదుగుదల తల్లి గుణగణాలకు సంబంధించిన విషయం కాదు, హక్కులకు సంబంధించిన విషయం అని నా అభిప్రాయం.

మూడేళ్ల పిల్లకి బుద్ధి ఎలా పెరుగుతుంది? "ఎందుకు?" అని అడిగినప్పుడు విసుక్కోకుండా జవాబు చెప్పే మనిషి ఉంటే పెరుగుతుంది. చింతగింజలతో వామనగుంటలాడితే లెక్క తెలుస్తుంది. పొడుపుకథ విప్పితే ఆలోచన పదునెక్కుతుంది. నీళ్లతో ఆడితే ఏది మునుగుతుందో, ఏది తేలుతుందో అర్థమవుతుంది. పలకా బలపం ఆ తర్వాతే. ఇవేవీ డబ్బు పెట్టి కొనేవి కావు, చదువురాని తల్లికి తెలియనివీ కావు. మిరపకోతకి తెల్లవారుజామునే ఆటో ఎక్కి, చీకటిపడ్డాక ఇల్లు చేరే స్త్రీకి లేనిది తెలివి కాదు, తీరిక. అలాంటి ఆమెకి అవగాహనా సదస్సు పెట్టి చేతులు దులుపుకోవడం అన్యాయం. ఆ సదస్సుకి తండ్రిని పిలవాలన్న ఆలోచన కూడా మనకి రాదు.

నీతి సంగతీ అంతే. పద్యాలు బట్టీ పట్టిస్తే నీతి వస్తుందని చాలామంది నమ్మకం. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వవేత్త పియాజే పిల్లల గోళీలాటను గమనించి 1932లో ఒక పుస్తకం ప్రచురించాడు. పెద్దల పట్ల భయభక్తుల వల్ల పిల్లలకి విధేయత అలవడుతుందనీ, న్యాయం మాత్రం సాటివాళ్లతో సమానంగా ఆడుతూ, పోట్లాడుతూ, రాజీకి వస్తూ నేర్చుకుంటారనీ ఆయన చెప్పాడు. ఆ తర్వాత అమెరికాలో కోల్‌బర్గ్ నైతిక వికాసం మీద పెద్ద సిద్ధాంతమే నిర్మించాడు. అయితే ఆయన మూల అధ్యయనంలో ఉన్నది మగపిల్లలేనని 1982లో కరొల్ గిలిగన్ ఎత్తిచూపింది. న్యాయం ఎంత ముఖ్యమో, ఎదుటి మనిషిని పట్టించుకోవడమూ అంతే ముఖ్యమని ఆమె వాదన.

మన ఇళ్లలో ఈ రెంటినీ విడదీసి పంచేశారు. పట్టించుకోవడం ఆడపిల్లకి, వాటా మగపిల్లవాడికి. "తమ్ముడికి ఇచ్చెయ్యమ్మా, నువ్వు పెద్దదానివి కదా" అని ఆమెకి చెబుతాం. "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అని వాడికి చెబుతాం. అమ్మ రోజూ అందరి తర్వాత మిగిలింది తినడం ఇద్దరూ చూస్తారు. ఇక సమానత్వం గురించి ఏ పద్యం నేర్పితే ఏం లాభం? నా దృష్టిలో నీతి బోధ అంటే, అక్క తిన్నదో లేదో చూడడం తమ్ముడికి నేర్పడం, తన వాటా తాను అడగడం అక్కకి నేర్పడం.

ఇంటి బయట ఇది నేర్చుకోవడానికి పేద పిల్లలకి ఉన్న చోటు అంగన్‌వాడీ. అక్కడ గుడ్డు ఆడపిల్లకీ ఒకటే, మగపిల్లవాడికీ ఒకటే. అన్ని కులాల పిల్లలూ ఒకే వరసలో కూర్చుని తినాలి. ఆయా దళిత స్త్రీ అని పిల్లల్ని పంపడం మానేసే ఇళ్లు ఉంటే, ఆ పాఠం కూడా పసివాళ్ల మనసులోకి ఎక్కుతుంది. మహారాష్ట్రలోని కోస్‌బాడ్‌లో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ ఆదివాసీ పిల్లల వాకిళ్లలోకే బడిని తీసుకెళ్లారు. ఆ స్ఫూర్తి ఇప్పుడు ఎంత మిగిలింది? 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో పూర్వ ప్రాథమిక విద్య ఆరు సేవల్లో ఒకటి. తూకాలు, రిజిస్టర్లు, సర్వేలు, ఫోనులో వివరాలు ఎక్కించడం అయ్యేసరికి పిల్లలతో కూర్చుని మాట్లాడే గంట కార్యకర్తకి మిగలదు.

చట్టం కూడా ఈ పిల్లల్ని గడప బయటే నిలబెట్టింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ చదువు ప్రాథమిక హక్కు అంది. 2002లో రాజ్యాంగాన్ని సవరించినప్పుడు ఆ హక్కును 6 నుంచి 14 ఏళ్ల వారికి కుదించారు. ఆరేళ్ల లోపు వారిని ఆదేశిక సూత్రంగా 45వ అధికరణంలో ఉంచేశారు. 2009 విద్యా హక్కు చట్టం కూడా వాళ్ల కోసం ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అంది గానీ, చేయాలి అనలేదు.

మరి ఈ పిల్లల్ని చూసే స్త్రీల మాటేమిటి? 2018 అక్టోబరు నుంచి కార్యకర్తకి నెలకు 4,500, ఆయాకి 2,250 రూపాయలని కేంద్రం నిర్ణయించింది. రాష్ట్రాలు పైన కొంత కలుపుతాయి. దాని పేరు జీతం కాదు, గౌరవ వేతనం! వీరు గ్రాట్యుటీకి అర్హులని చెప్పించుకోవడానికి 2022 ఏప్రిల్ దాకా, సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో వీరు సమ్మెకు దిగితే, మరుసటి నెలలో ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. డబ్బు ఇచ్చేటప్పుడు స్వచ్ఛంద సేవ, సమ్మె చేసేటప్పుడు అత్యవసర సేవ. పిల్లల్ని పెంచడం ఆడవాళ్లకి సహజం, దానికి వెల ఏమిటన్న భావజాలమే రెంటికీ మూలం. తల్లి దగ్గర ఉచితంగా తీసుకున్న శ్రమనే కార్యకర్త దగ్గర చౌకగా తీసుకుంటున్నారు.

కాబట్టి మన సంఘాలు తల్లులకి సలహాలు చెప్పడం దగ్గరే ఆగిపోకూడదు. ఆరేళ్ల లోపు పిల్లల సంరక్షణ, విద్య ప్రాథమిక హక్కు కావాలని అడగాలి. కూలి పని వేళలకి సరిపోయేలా కేంద్రాలు తెరిచి ఉంచాలని అడగాలి. పిల్లలకి చదువూ ఆటా చూసే మనిషిని వేరుగా నియమించాలనీ, కార్యకర్తనీ ఆయానీ ఉద్యోగులుగా గుర్తించి జీతం ఇవ్వాలనీ అడగాలి. వారి సమ్మెల్లో తల్లుల సంఘాలు పక్కన నిలబడాలి. పిల్లల గురించి పెట్టే ప్రతి మీటింగుకీ తండ్రుల్ని రప్పించాలి. ఈ పనులు మొదలుపెట్టడానికి వచ్చే గ్రామసభ చాలు.