చర్చిలో మా వాడి దోస్త్‌కి పని ఉంది, మసీదులో మా వాడికి లేదు



మా ఇంటి వెనక వీధిలో ఒక చర్చి ఉంది. గుంటూరులో అదేం వింత కాదు. 1842లో లూథరన్ మిషనరీ వచ్చినప్పటి నుంచి ఇక్కడ వాళ్లది పాత కాపురమే. శనివారం మగ్రిబ్ వేళకి అక్కడ యూత్ మీటింగ్. మా పెద్దోడితో పదో తరగతి చదివే దోస్త్ ఒకడు తప్పకుండా వెళ్తాడు. మొన్న అన్నం తింటూ మా వాడు అడిగాడు: "అబ్బా, వాడికి అక్కడ ఏదో ఒక పని ఉంటుంది. మన మసీదులో నాకేం పని?"

నా దగ్గర జవాబు లేదు.

వాడు పదకొండేళ్లకే ఖురాన్ నాజిరా ఖతం చేశాడు, అల్‌హమ్దులిల్లాహ్. ఆ రోజు మిఠాయి పంచాం, ఉస్తాద్‌కి బట్టలు పెట్టాం. ఆ తర్వాత ఏముంది? మక్తబ్ అయిపోయింది, వాడి దీనీ తాలీమ్ కూడా అక్కడే ఆగింది. మీ ఇంట్లోనూ ఇంతే కదా? ఒకసారి తఖ్దీర్ గురించి అడిగాడు, అంతా ముందే రాసి ఉంటే ఇంతిహాన్ ఎందుకని. "తౌబా చెయ్" అన్నారు. ఒక జుమాకి మొదటి సఫ్‌లో నిలబడితే ఓ బుజుర్గ్ భుజం పట్టి వెనక్కి పంపారు. అప్పటి నుంచి ఖుత్బా చివర్లో వచ్చి చెప్పుల పక్కన నిలబడుతున్నాడు.

ఆ దోస్త్ వాళ్ల నాన్నతో నాకు జాన్‌పెహచాన్ ఉంది. వెళ్లి అడిగాను. అక్కడ పిల్లలు ఊరికే కూర్చోరట. ఒకడు మైకు చూస్తాడు, ఒకమ్మాయి రాని వాళ్ల ఇంటికి వెళ్లి పలకరిస్తుంది, ఇంకొకడు ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఈ తర్కీబ్ పాతదే. 1881లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టర్ క్రిస్టియన్ ఎండీవర్ అని ఒక సంఘం పెట్టాడు. ప్రతి నౌజవాన్ మీటింగ్‌కి రావాలి, వచ్చి ఏదో ఒకటి చెయ్యాలి, కమిటీల్లో పని పంచుకోవాలి. అక్కడి నుంచి అది చాలా దేశాలకు పాకింది.

ఆయన ఇంకో మాట కూడా దాచకుండా చెప్పారు. ఆటపాటలే ఎక్కువున్న ఏడాది పిల్లలు బాగా వచ్చారట, ఇంటర్‌కి హాస్టళ్లకి వెళ్లాక ఒక్కడూ మిగల్లేదట. కూర్చుని వాళ్ల మాట విన్న పెద్దమనిషి ఉన్న ఏడాది పిల్లలు మాత్రం ఇప్పటికీ ఆయనకి ఫోన్ చేస్తారట. కాబట్టి గిటార్ గొడవ మనకొద్దు.

"మియా, మన దీన్ కోసం చర్చి తర్కీబ్ తెస్తావా?" అని కొందరు అడుగుతారు, తెలుసు. గజ్వయె ఖందక్‌లో మదీనా చుట్టూ కందకం తవ్వే సలహా సల్మాన్ ఫార్సీ (ర.జి.) తన ఇరాన్ నుంచి తెచ్చిందే. హుజూర్ (స.అ.) ఖబూల్ చేశారు. అఖీదా వేరు, తర్కీబ్ వేరు. అసలు ఇరవై ఏళ్లు నిండని ఉసామా బిన్ జైద్ (ర.జి.) చేతికి లష్కర్ అప్పగించిన ఉమ్మత్ మనది. ఇవాళ పదిహేనేళ్లవాణ్ణి అజాన్ మైకు ముట్టుకోనివ్వం.

ఇందులో ఇమామ్ సాబ్‌ని అనకండి. ఐదు పూటలా నమాజ్, మక్తబ్, నికాహ్, జనాజా, అన్నీ ఆయనే. మనం ఇచ్చే తన్‌ఖా ఎంతో మనకు తెలుసు. ఈ పని మన లాంటి అబ్బాలది.

మా అమ్మాయి సంగతి రాయాలంటే ఇంకా కష్టం. దానికి పదమూడేళ్లు. మా మసీదులో ఆడవాళ్లకి జాగానే లేదు. అబ్బాయిలతో కలిపి కూర్చోబెట్టమని నేను అనడం లేదు. ఆదివారం జుహర్ తర్వాత ఎవరో ఒక ఖాలా ఇంట్లో ఒక గది, చదువుకున్న ఒక ఆపా దొరికితే చాలు. ఇంతవరకు ఆ గది దొరకలేదు. ఇవ్వగలిగిన వాళ్లు ఇది చదువుతుంటే నాకు చెప్పండి.

అబ్బాయిల కోసం సదర్ సాబ్‌ని అడిగితే ఆదివారం అసర్ నుంచి మగ్రిబ్ దాకా పై హాలు ఇచ్చారు. వెళ్లేటప్పుడు ఫ్యాన్లు ఆపాలని షరతు. మొదటి వారం నలుగురే వచ్చారు, అందులో ఇద్దరు సమోసాల కోసం. మూడో వారానికి తొమ్మిది మంది అయ్యారు. తఖ్దీర్ ప్రశ్న మళ్లీ వచ్చింది. నాకు తెలియదని చెప్పి, అందరం కలిసి ఇమామ్ సాబ్ దగ్గరికి వెళ్లాం. ఆయన ఈసారి గంటసేపు కూర్చున్నారు.

మా వాడికి వుజూఖానా కొళాయిలు అప్పగించాం. రెండు కారుతున్నాయని వాడే ప్లంబర్‌ని వెతుక్కుని తీసుకొచ్చాడు. పోయిన జుమాకి అజాన్ కాకముందే ఇంట్లోంచి బయలుదేరాడు. ఎందుకురా అంటే, కొళాయిలు చూడాలి అబ్బా అన్నాడు.