నోటిఫికేషన్ వచ్చేదాకా

చిక్కడపల్లి రోడ్డు మీది నుంచి నగర కేంద్ర గ్రంథాలయం దాటి అశోక్ నగర్ సందుల్లోకి నడిస్తే ప్రతి గోడా పరీక్షల గురించే మాట్లాడుతుంది. గ్రూప్ వన్, గ్రూప్ టూ, టెట్, డీఎస్సీ, గురుకులం. కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద జిరాక్స్ షాపులు, పాత పుస్తకాల దుకాణాలు, కర్రీ పాయింట్లు, లేడీస్ హాస్టళ్ళు. ఒక్కో గదిలో నలుగురైదుగురు అమ్మాయిలు. కొందరు బి.ఎడ్. చేసినవాళ్ళు, కొందరు డి.ఎడ్. చేసినవాళ్ళు, మరికొందరు అప్పుడే డిగ్రీ పూర్తయి ఏ వైపు వెళ్ళాలో తేల్చుకోలేనివాళ్ళు. ఏం చదవాలో, ఏ పుస్తకం కొనాలో, రోజుకెన్ని గంటలు కూర్చోవాలో ఈ సందుల్లో అందరూ చెప్తారు. నోటిఫికేషన్ రాని సంవత్సరాలను ఒక ఆడపిల్ల ఎలా దాటాలో చెప్పేవాళ్ళు మాత్రం కనిపించరు. ఈ సంచికలో దాని గురించి మాట్లాడుకుందాం.

ఆ సంవత్సరాలు తక్కువేమీ కావు. తెలంగాణలో 8,792 పోస్టులతో టీచర్ల నియామక ప్రకటన 2017 అక్టోబరులో వచ్చింది. ఆ తర్వాత 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులకు ప్రకటించి, రద్దుచేసి, 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులతో మళ్ళీ ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత డీఎస్సీ 2025లోనే జరిగింది, 16,347 పోస్టులకు. అంటే రెండు రాష్ట్రాల్లోనూ ఆరేడేళ్ళ ఎడం. 2018లో ఇరవై రెండేళ్ళకు బి.ఎడ్. పూర్తిచేసిన అమ్మాయి పరీక్ష హాల్లో కూర్చునే సరికి ఇరవై ఎనిమిదికి చేరింది. 2024 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం శాసనసభలో జాబ్ క్యాలెండర్ ప్రకటిస్తూ తర్వాతి డీఎస్సీ 2025 ఫిబ్రవరిలో వస్తుందని చెప్పింది. ఆ ఫిబ్రవరి నోటిఫికేషన్ లేకుండానే గడిచిపోయింది.

ఈ ఎదురుచూపు అబ్బాయిలకూ కష్టమే. కానీ ఇద్దరి ఎదురుచూపూ ఒకటి కాదు. 2024 డీఎస్సీకి ప్రభుత్వం పెట్టిన వయోపరిమితి 46 ఏళ్ళు. ఇల్లు పెట్టే వయోపరిమితి మాత్రం ఇరవై అయిదు దాటదు. "ఈ ఒక్కసారి చూడు, లేకపోతే సంబంధాలు చూస్తాం" అనే మాట ఏ జీవోలోనూ వుండదు. కానీ ఈ హాస్టళ్ళలో వున్న అమ్మాయిల చదువును నడిపించేది అదే. కొడుక్కి మూడోసారి కోచింగ్ ఫీజు కట్టడానికి అప్పుచేసే ఇంట్లోనే కూతురి రెండో ప్రయత్నం దండగ ఖర్చవుతుంది. పరీక్ష ఆర్నెల్లు వాయిదాపడిందంటే కొందరికి చదువుకునే టైము పెరిగినట్టు. ఆడపిల్లకు చాలాసార్లు అదే ఆఖరి అవకాశం చేజారినట్టు. అందుకే ఆడపిల్లలకు ఉద్యోగాన్వేషణ గురించి ఇచ్చే ఏ సలహా అయినా ఈ కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఎదురుచూపు ఒక్కటే పనిగా పెట్టుకోకూడదు. మా మాటంతా ఇదే. మిగతాది వివరం.

మొదట, ఏ పోస్టు తనదో తెలుసుకోవాలి. బి.ఎడ్. చేసినవాళ్ళు ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకు అర్హులు కారని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ పోస్టులు డి.ఎడ్. వాళ్ళవే. 2024 డీఎస్సీలోని 11,062లో సెకండరీ గ్రేడ్ టీచర్లు 6,508 మంది, స్కూల్ అసిస్టెంట్లు 2,629 మంది. ఆ 2,629 కూడా 33 జిల్లాలకు, అన్ని సబ్జెక్టులకు, అన్ని మాధ్యమాలకు పంచగా మిగిలే సంఖ్య. ఒక జిల్లాలో ఒక సబ్జెక్టుకు ఒక సామాజిక వర్గంలో ఒక్క పోస్టు కూడా లేకపోవచ్చు. కోచింగ్ సెంటరు బోర్డు మీద "పదకొండు వేల పోస్టులు" అని వుంటుంది. అమ్మాయి లెక్కపెట్టుకోవలసింది తన జిల్లాలో తన సబ్జెక్టుకు ఎన్ని అని. ఇంటర్ తర్వాత ఏ కోర్సులో చేరాలో అడిగే చెల్లెళ్ళకు కూడా ఈ తేడా ముందే చెప్పాలి.

టెట్‌ను వాయిదా వేయకూడదు. 2011 నుంచి జారీ అయిన టెట్ సర్టిఫికెట్లన్నిటికీ జీవితకాలం విలువ వుంటుందని 2021లో కేంద్రం నిర్ణయించింది. అంతకుముందు ఏడేళ్ళే. పైగా 2024 డీఎస్సీలో పరీక్షకు 80 మార్కులైతే టెట్‌కు 20 మార్కుల వెయిటేజీ ఇచ్చారు. డీఎస్సీ రాని సంవత్సరంలో కూడా టెట్ మార్కులు పెంచుకునే పని వుంటుంది. ప్రైవేటులో చేరేవాళ్ళకూ ఇది అవసరమే. అయిదేళ్ళకు మించి సర్వీసు మిగిలివున్న టీచర్లు రెండేళ్ళలో టెట్ పాసుకావాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. మైనారిటీ సంస్థల విషయాన్ని విస్తృత ధర్మాసనానికి వదిలింది.

రెండోది కాగితాలు. అశోక్ నగర్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, నారాయణగూడలో, మాడపాటి హనుమంతరావు బాలికల ఉన్నత పాఠశాల వుంది. ఉర్దూ రాజ్యమేలిన నిజాం రాష్ట్రంలో 1928లో ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో పెట్టిన బడి. ఇక్కడ గుర్తింపు దొరక్కపోతే కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేసుకుని పరీక్షలు రాయించారు. ఆడపిల్ల చదవడం ఒక పోరాటమైతే, ఆ చదువుకు విలువున్న కాగితం సంపాదించడం మరో పోరాటమని ఆ తరానికి తెలుసు. ఈ తరం కూడా తెలుసుకోవాలి.

జిల్లా పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో స్థానికతను తేల్చేది ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన చోటు. అత్తగారి వూరు కాదు, హాస్టల్ అడ్రసు కాదు. పెళ్ళయిన అమ్మాయి పుట్టింటి జిల్లాకే స్థానికురాలవుతుంది. ఉద్యోగం కూడా అక్కడే వస్తుంది. ఈ సంగతి పెళ్ళి మాటల్లోనే తేల్చుకోవాలి. నియామక పత్రం వచ్చాక "అంత దూరం ఎలా వెళ్తావ్" అని అత్తింట్లో మొదలయ్యే గొడవ అప్పుడైతే చిన్న మాట. ఏడు తరగతుల బోనఫైడ్ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోవాలి. మూతపడిన ప్రైవేటు బడి రికార్డుల కోసం చివరి వారంలో మండల విద్యాధికారి ఆఫీసు చుట్టూ తిరగడం ఎంత కష్టమో తిరిగినవాళ్ళకు తెలుసు. పెళ్ళి తర్వాత ఇంటిపేరు మార్చమని ఎవరైనా అంటే పదో తరగతి సర్టిఫికెట్‌లో వున్న పేరునే ఆధార్‌లోనూ బ్యాంకులోనూ వుంచుకోమనండి. కులం పుట్టుకతో వచ్చేది కాబట్టి కుల ధ్రువీకరణ పుట్టింటి వైపు నుంచే. బి.సి.లకు క్రీమీలేయర్ చూసేది తల్లిదండ్రుల స్థాయిని బట్టి, భర్త జీతాన్ని బట్టి కాదు. ఇ.డబ్ల్యు.ఎస్.కు మాత్రం భర్త ఆదాయం కూడా కలుస్తుంది. ఈ తేడా తెలియక తప్పు కాగితంతో వెళ్ళి వెనక్కి వచ్చినవాళ్ళు వున్నారు.

మూడోది, డీఎస్సీ ఒక్కటే తలుపు కాదు. గురుకులాల బోర్డు 2023లో తొమ్మిది వేలకు పైగా పోస్టులు ప్రకటించింది. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, ఏకలవ్య పాఠశాలలు వున్నాయి. సీటెట్ రాసివుంటే ఇవి తెరుచుకుంటాయి. తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయిలు వీటిని తమవి కావని వదిలేస్తుంటారు. సిలబస్‌లో చాలా భాగం ఒకటే, అడ్డు ఇంగ్లీషు. ఎదురుచూసే ఏళ్ళలో ఆ అడ్డు తీసుకోవడం చెయ్యదగిన పని. కస్తూర్బా విద్యాలయాల్లో ఉద్యోగాలు స్త్రీలకే. కానీ కాంట్రాక్టు. 2024 డిసెంబరులో తెలంగాణలో సమగ్ర శిక్ష ఉద్యోగులతో కలిసి వాళ్ళు ఎందుకు సమ్మెకు దిగారో తెలుసుకునే చేరాలి.

నాలుగోది ప్రైవేటు బడి. ఎదురుచూసే కాలంలో చాలామందికి అన్నంపెట్టేది అదే. "ఎలాగూ వెళ్ళిపోతాం కదా" అని అడిగినంతకు ఒప్పుకుంటాం. ఆ మాటే యాజమాన్యాలకు పెట్టుబడి. ఫీజుల ఆదాయంలో 50 శాతం సిబ్బంది జీతాలకు, మరో 15 శాతం గ్రాట్యుటీ, భవిష్యనిధి, బీమాలకు పోవాలని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 1994 జనవరి 1న ఇచ్చిన జీవో 1లో రాసుకుంది. ఇలాంటి లెక్క ఒకటి వుందని స్టాఫ్ రూముల్లో ఎంతమందికి తెలుసు? ఇంటర్వ్యూలో వాళ్ళు "పెళ్ళెప్పుడు, పిల్లలెప్పుడు" అని అడుగుతారు. మనం అడగవలసినవి కూడా వున్నాయి. జీతం పన్నెండు నెలలూ ఇస్తారా, వేసవిలో ఆపేస్తారా? బ్యాంకులో వేస్తారా? పి.ఎఫ్. కడతారా? అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పుతారా? నియామక పత్రం ఇస్తారా? ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు. చూపించి వెనక్కి తీసుకోవాలి. అవి వాళ్ళ బీరువాలో వుంటే రేపు డీఎస్సీ వెరిఫికేషన్‌కు వెళ్ళడానికి కూడా వాళ్ళ అనుమతి కావాలి.

నియామక పత్రం, హాజరు పట్టీలో పేరు చిన్న విషయాలు కావు. కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అది గుర్తింపు వున్న బడుల సిబ్బందికే. గుర్తింపు లేని బడిలో పాఠం చెప్పినవాళ్ళు ప్రభుత్వం దృష్టిలో టీచర్లే కారు. ప్రైవేటు బడి టీచర్లకు గ్రాట్యుటీ హక్కు వుందని సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో ఖాయం చేసింది. ప్రసూతి సెలవు హక్కు ఇప్పుడు, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో వుంది. సర్వీసు రుజువు చేసే కాగితం లేకపోతే ఈ హక్కులన్నీ పుస్తకంలోనే వుంటాయి. పదిమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల విచారణకు అంతర్గత కమిటీ వుండాలని 2013 చట్టం చెప్తోంది. బడికైనా కోచింగ్ సెంటరుకైనా అది వర్తిస్తుంది. చేరే రోజునే "కమిటీలో ఎవరున్నారు" అని అడగడం తప్పు కాదు.

ఇక రిజర్వేషన్. స్త్రీలకు 30 శాతం ఉద్యోగాలిచ్చే 22-ఎ నిబంధన 1984లో వచ్చింది. అది చెల్లుతుందని సుప్రీంకోర్టు 1995లో జస్టిస్ సుజాతా మనోహర్ రాసిన తీర్పులో చెప్పింది. 1996లో అది మూడోవంతు అయింది. దాన్ని అమలుచేసే పద్ధతి మాత్రం మారింది. ముప్ఫై పోస్టులుంటే ఇదివరకు పది స్త్రీలకు విడిగా వుండేవి. మిగతా ఇరవైలోనూ ప్రతిభతో పోటీపడేవాళ్ళు. 2007 నాటి సుప్రీంకోర్టు తీర్పును అనుసరించి తెలంగాణ ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో జీవో 3 ఇచ్చింది. రోస్టరు పాయింట్లు పోయాయి. ఇప్పుడు ప్రతిభతో వచ్చిన స్త్రీలను కూడా ఆ పదిలోనే లెక్కవేస్తారు. ఏడుగురు వస్తే మరో ముగ్గురిని చేరుస్తారు, పన్నెండు మంది వస్తే చేర్చేదేమీ వుండదు. మూడోవంతు కనీసంగా మిగలాలి, గరిష్ఠంగా మారకూడదు. ప్రతి నియామకం తర్వాత ఏ జిల్లాలో ఏ వర్గంలో ఎంతమంది స్త్రీలు ఎంపికయ్యారో ప్రభుత్వం ప్రకటించాలని మనం అడగాలి. ప్రకటించకపోతే సమాచార హక్కు కింద తీసుకోవాలి.

ఈ జాగ్రత్తలన్నీ ఒక్కో అమ్మాయి విడిగా నేర్చుకోవలసినవి కావు. ఇక్కడే సంఘాల పని మొదలవుతుంది. హాస్టల్ గదుల్లో ఇప్పటికే ఒకరి నోట్సు ఒకరు చదువుకుంటారు, ఒకరి ఫీజుకు ఒకరు అప్పిస్తారు. 2024లో టెట్‌కు ఒక పేపరుకు 1,000, రెండిటికి 2,000 రూపాయలు కట్టమన్నప్పుడు ఈ చేబదుళ్ళే చాలామందిని ఆదుకున్నాయి. నిరసనల తర్వాత ఆ ఏడాది చివరి టెట్‌కు ఫీజు తగ్గింది. అడిగితేనే తగ్గింది. ఆ స్నేహాన్ని కొంచెం విస్తరించుకుంటే చాలు. మండల కేంద్రాల్లో పనిచేస్తున్న మన కార్యకర్తలు నెలకొక రోజు సర్టిఫికెట్ల సహాయానికి కేటాయించవచ్చు. ప్రభుత్వ స్టడీ సర్కిళ్ళలో ఉచిత శిక్షణ వుందని డిగ్రీ కాలేజీల్లో చెప్పవచ్చు. ప్రైవేటు బడుల్లో ఎక్కడ ఎంత జీతం ఇస్తున్నారో రాసిపెట్టుకున్న ఒక నోటుబుక్కు, తర్వాత చేరే అమ్మాయికి ఏ కోచింగ్ మెటీరియల్ కంటే ఎక్కువ ఉపయోగం.

తల్లిదండ్రులతో మాట్లాడటం కూడా మన పనే. కూతురికి "ఇంకొక్క సంవత్సరం" అడిగిపెట్టడానికి ఒక పెద్దమనిషి వెళ్తే వినే ఇళ్ళు చాలా వున్నాయి. ఆ పెద్దమనిషి మనం ఎందుకు కాకూడదు? నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. తేదీలు చెప్పి నిలబెట్టుకోమని ప్రభుత్వాన్ని నిలదీయడం మన చేతిలో వుంది. అది వచ్చేసరికి ఆ అమ్మాయి కాగితాలతో, కొంత సంపాదనతో, ఇంకా పరీక్ష రాయగలిగే స్థితిలో వుండేట్టు చూడటం కూడా మన చేతిలోనే వుంది.